దూడ జాడ రెండో భాగం

మొన్న కామారెడ్డికి ఒక పెళ్లికి పోయి, ముహూర్తానికి ఇంకా వేళ ఉందని, బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన పుస్తకాల దుకాణంలోకి ఊరికే తొంగిచూద్దామని వెళ్లాను. తొంగిచూడడం వరకే నా ఉద్దేశం. తీరా లోపల ఒక గోడ మొత్తం పిల్లల పుస్తకాలకే ఇచ్చేశారు. కింది అరల్లో బొమ్మల పుస్తకాలు, పై అరల్లో కాస్త పెద్దపిల్లల నవలలు, నడుమ ఒక రంగు కాగితం మీద ‘కొత్తగా వచ్చినవి’ అని రాసి అంటించారు. ఆ రెండు మాటలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు తెలియదు. పెళ్లి సంగతి మరిచిపోయి, పట్టుచీరతోనే కింద చతికిలబడి ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాను. ఒక బొమ్మల పుస్తకాన్ని నడిమికి విప్పి, ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాను. దుకాణంలో పనిచేసే అమ్మాయి గబగబా వచ్చింది. “మేడం, పురుగు గిట్ల ఏమన్న కనవడ్డదా?” అంది. “లేదమ్మా, వాసన తక్కువైంది” అన్నాను. “ఏం వాసన మేడం?” “తంబాకు వాసన.” ఆ అమ్మాయి నన్నొకసారి, నా పట్టుచీరనొకసారి చూసి, నేను బయటికి పోయేదాకా కౌంటరు దగ్గరి నుంచి కదల్లేదు.

ఆమె తప్పేం లేదు. పిల్లల పుస్తకానికీ తంబాకుకూ, అంటే పొగాకుకూ, సంబంధం ఏమిటని ఎవరైనా అనుకుంటారు. ఎల్లారెడ్డిలో మా ఇంట్లో మాత్రం ఆ రెండూ ఒకే చోట ఉండేవి. మా గల్లీలో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవారు. పొద్దున వంటలై, మగవాళ్లు పొలాలకు పోయాక, ఎవరి చాట వాళ్లు చంకన పెట్టుకుని మా ఇంటి ముందర రేకుల షెడ్డు కిందికి ఒక్కొక్కరే చేరేవారు. మా ఇల్లు మూల మీద ఉండడంతో గాలి బాగా ఆడేది, అంతకంటే బాగా మా అవ్వ నోరు ఆడేది. రాత్రి నానబెట్టి తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, ఆకును కొలతకు కత్తిరించే కత్తెరల చప్పుడు, చాటలో కుప్పగా తంబాకు, దాని ఘాటుకు కొత్తవాళ్లకు వచ్చే తుమ్ములు, పొయ్యి మీద మరిగి మరిగి నల్లబడిన చాయ్. మా మధ్యాహ్నాలు అలా గడిచేవి. చుట్టిన బీడీ మూతిని లోపలికి మలవడం ఆడపిల్లల పని. చిన్నవేళ్లకు అది బాగా వస్తుందని పెద్దవాళ్ల నమ్మకం. నా వేళ్లకు రాలేదు. “దీని చేతుల బీడీ మూతి కాస్త కోతి మూతి అయితది” అని అవ్వ నా చాటలోంచి ఒక్కొక్కటీ తీసి అందరికీ చూపించేది. నాకు ఏడుపొచ్చేది కానీ, ఆమె చూపించేవి నిజంగానే అలా ఉండేవి.

పుస్తకాలు మా ఇంటికి బస్సు ఎక్కి వచ్చేవి. మా కాక, అంటే బాపుకు తమ్ముడు, బస్సు కండక్టరు. ఎక్కువగా కామారెడ్డి, ఎల్లారెడ్డి నడుమ తిరిగే బస్సులోనే ఆయన డ్యూటీ. అప్పటికి పెళ్లి కాలేదు, చేతిలో జీతం, మనసులో నా మీద మమకారం. కామారెడ్డి బస్టాండు ఎదురుగా ఒక చిన్న దుకాణం ఉండేది. దుకాణం సారు కొత్తగా వచ్చిన పిల్లల పుస్తకాలను దారం కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో వేలాడదీసేవాడు. కాక బస్సు దిగి, దారానికి ఎదురుగా నిలబడి, అట్టలు చూసి ఒకటి ఎంచుకునేవాడు. లోపల ఏముందో తిప్పి చూసేవాడు కాదు. అట్ట మంచిగుంటే కథ మంచిగుంటదని ఆయన సిద్ధాంతం. “పిల్లను సూసేతందుకు పోయినప్పుడు గూడ గిదే లెక్క, గందుకే ఒక్కటీ కుదర్తలేదు” అని అవ్వ ఎత్తిపొడిచేది. పుస్తకం తెచ్చిన రోజు డ్రైవరు మా గల్లీ మూల మీద రెండుసార్లు పొడుగ్గా హారన్ కొట్టేవాడు. ఆ హారన్ వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా సడక్ మీదికి ఉరికేదాన్ని. కాక మెట్టు మీద వేలాడుతూ పుస్తకాన్ని నా చేతిలో పెట్టేవాడు, బస్సు ఆగేది కాదు. దుమ్ములో నిలబడే మొదటి పేజీ చదివేసేదాన్ని. రెండో పేజీ చదవాలంటే మాత్రం అవ్వ పసుపు బొట్టు పెట్టాలి. కొత్త కుండ కానీ, కొత్త చాట కానీ, ఇంట్లోకి వచ్చిన ఏ కొత్త వస్తువైనా బొట్టు లేకుండా వాడకూడదు. నా పుస్తకాలన్నిటికీ మొదటి పేజీ మూలన ఒక పచ్చటి వేలిముద్ర ఉంటుంది.

వాళ్లకు చదివి వినిపించడం ఎలా మొదలైందో చెప్పాలి. ఒకరోజు బీడీ మూతులు మలవకుండా, చాట కింద పుస్తకం దాచుకుని చదువుతూ పకపకా నవ్వాను. అవ్వ పట్టుకుంది. తిడుతుందనుకుంటే, “ఒక్కదానివే నవ్వుతవేందే? గంత నవ్వొచ్చే ముచ్చటయితే మాకు గూడ చెప్పు” అంది. చదివాను. ఒక కాకి, ఒక కల్లుకుండ కథ. అందరూ నవ్వారు. మర్నాడు నేను చాట ముందర పెట్టుకుని కూర్చోగానే, “నీ చాట పక్కకు వెట్టు, పుస్తకం తీయ్” అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. నా వంతు పని ఎవరు చేస్తారని అడిగింది. అప్పుడు అవ్వే తీర్పు చెప్పింది. కూర్చున్న ప్రతి ఆడమనిషీ తన కట్టలతో పాటు ఒక కట్ట మా అమ్మ చాటలో వేయాలి. దానికి ‘సదువు కట్ట’ అని పేరు. ఆ తరువాత నేను ఒక్క బీడీ చుట్టలేదు. సదువు కట్టలతోనే నా వంతు కంటే ఎక్కువ లెక్క తేలేది. నా కోతి మూతుల పీడ వదిలినందుకు మా బీడీలు తీసుకునే కార్ఖానా వాళ్లు కూడా సంతోషించి ఉంటారు.

బొమ్మల పుస్తకాలు చదవడం ఒక పద్ధతిగా సాగేది. వాళ్ల చేతులకు తడి, ఆకుపసరు, తంబాకు. అందుకని పుస్తకం ముట్టకూడదు. నేనే ఒక పేజీ చదివి, పుస్తకాన్ని ఎదురుగా పట్టుకుని, హారతి తిప్పినట్టు ఒక్కొక్కరి ముందు ఆగేదాన్ని. బొమ్మ చూసేటప్పుడు మాత్రం అందరూ చేతులు ఆపేవారు. నవలలైతే బొమ్మలు తక్కువ కనుక చేతులు ఆడుతూనే ఉండేవి. అయితే దానికో చిక్కు. కథ నెమ్మదిగా ఉన్న రోజు బీడీ వదులుగా, కథ బిగుసుకున్న రోజు బీడీ బిర్రుగా వచ్చేది. ఒకసారి నవలలో పిల్ల బావిలో పడ్డ రోజున చుట్టినవి ఎంత బిర్రుగా వచ్చాయంటే, కార్ఖానాలో బీడీలు చూసే ఆయన సగం పక్కన పడేసి, “మీ గల్లీకి ఏమైందమ్మా ఇయ్యాల?” అన్నాడట. “పోరి బాయిల వడ్డది సారూ” అని మా అమ్మ ఉన్నమాట చెప్పింది. ఆయన గాబరాపడి ఎవరి పిల్ల, దవాఖానకు తీసుకపోయిండ్రా అని లేచి నిలబడ్డాడు. అసలు సంగతి తెలిశాక కోప్పడ్డాడు కానీ, మరుసటి వారం సంచి విప్పకముందే గొంతు తగ్గించి అడిగాడట, “ఇంతకూ బయటికి తీసిండ్రా?” అని.

ఆ బావిలో పడ్డ పిల్ల పేరు రాజి. ఆ నవల పేరు ‘దూడ జాడ’. అప్పుడే అచ్చయి వచ్చింది, ఇంకా గంజి వాసన పోని అట్ట. రాజి పెంచుకున్న బర్రెదూడను ఆమె తాత అంగడిలో అమ్మేస్తాడు. దాన్ని వెతుక్కుంటూ రాజి ఊరూరి అంగడికీ నడుచుకుంటూ పోతుంది. ప్రతి అంగడిలో ఒక మోసగాడు, ఒక మంచివాడు, ఒక కొత్త తిండి. మా షెడ్డు కింద కూర్చున్నవాళ్లంతా బర్రెలను సాకినవాళ్లే కనుక, దూడ కుడిచెవి మీద తెల్లమచ్చ ఉందని చదివితే తమ ఇంట్లో ఉన్న దూడల మచ్చలన్నీ చెప్పుకునేవారు. నేను పుస్తకం పట్టుకుని వాళ్ల ముచ్చట అయ్యేదాకా కాసుకుని కూర్చునేదాన్ని. చివరికి రాజి తప్పుడు ఊరి అంగడిలో ఒక బండి కింద నిద్రపోతుంటే, ఇంకో ఊళ్లో దూడను లారీలోకి ఎక్కిస్తారు. అంతే. కింద చిన్న అక్షరాల్లో ‘మిగతా కథ రెండో భాగంలో’ అని ఉంది. నేను ఆ ముక్క కూడా చదివేశాను. షెడ్డు కింద ఒక్కసారి గోల లేచింది. “గిదేం రీతే? బువ్వ వెట్టి, కూర రేపు వెడ్తమన్నట్టు” అని అవ్వ పుస్తకం రాసినవాళ్లను సాయంత్రం దాకా తిట్టింది. రెండో భాగం దసరాకు ముందు వస్తుందని దుకాణం సారు కాకతో చెప్పాడు.

అందరికంటే ఎక్కువ కలవరపడింది పోశవ్వ. ఆమె గల్లీ చివరింట్లో తల్లి దగ్గర ఉండేది. దసరా పోగానే మొగుడితో కలిసి మహారాష్ట్ర వైపు చెరుకు కొట్టడానికి పోయి, మళ్లీ ఉగాదికి వచ్చేది. ఒక్కతే కూతురు, గంగ. ఏటా దాన్ని కూడా వెంట తీసుకుపోయేది. పిల్ల మూడో తరగతికి వచ్చినా, సగం ఏడు చెరుకుతోటల్లో గడిచేది కనుక, ఆషాఢంలో నేర్చిన అక్షరాలు ఉగాదికి ఉండేవి కావు. ఈసారి గంగను అమ్మమ్మ దగ్గర ఇడిచిపొమ్మని మా అవ్వ ఆమెకు రోజూ నూరిపోస్తోంది. పోశవ్వకు ఇష్టమే, ధైర్యం లేదు. “ఇడిచిపోయినంక మల్ల నేనొచ్చేవరకు నన్ను మరిచిపోతదేమో అవ్వా. అమ్మమ్మనే అమ్మా అని పిలుస్తదేమో” అనేది. అలా అటూ ఇటూ ఊగుతున్న మనిషికి మొదటి భాగం అయిపోయిన రోజున ఒక ఆలోచన వచ్చింది. దేవత ముందు రెండు రంగుల పూల పొట్లాలు పెట్టి, చిన్నపిల్లతో ఒకటి తీయించి, వచ్చిన రంగును బట్టి పని నిర్ణయించుకుంటారు కదా, ఆమె ఆ పని రాజి మీద పెట్టింది. “రాజికి దూడ దొరికిందనుకో, గంగను ఇడిచిపోత. దొరకలేదనుకో, ఎంట తీస్కపోత. గింతే. ఇగ నన్నెవ్వరు అడగద్దు” అంది. అందరి ముందూ అన్న మాట. మా దగ్గర అలా అన్నాక వెనక్కి తీసుకోరు. ఒక చిన్నపిల్ల చదువు వచ్చి పిల్లల పుస్తకం మీద పడింది. అవ్వ నా వైపు తిరిగి, “మీ కాకకు చెప్పు, బిరాన తెమ్మని” అంది.

తొందరగా తెద్దామంటే బస్సు లేదు. ఉద్యమం జోరు మీదుంది. తెలంగాణ కోసం అందరూ సమ్మె కట్టారు. బడులు బంద్, బస్సులు బంద్. మా కాక కూడా సమ్మెలోనే ఉన్నాడు. పొద్దున్నే తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని టెంటు కింద కూర్చోవడానికి పోయేవాడు. అవ్వ టెంటు దాకా పోయి అక్కడున్న నాయకులందరి ముందు అడిగింది, “తెలంగాణ ఎప్పుడొస్తదో మీకు ఎర్కలేదు గని, గా పుస్తకం ఎప్పుడొస్తదో చెప్పుండ్రి” అని. కాకకు తల కొట్టేసినట్టయింది. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా ఇంటికీ సడక్కీ తిరుగుతున్నాను. బతుకమ్మలు పేర్చడం మొదలైంది. చెరుకు మేస్త్రీ వచ్చి, దసరా వెళ్లిన రెండో పొద్దుకు లారీ వస్తుందని చెప్పిపోయాడు. మేస్త్రీ లారీకి సమ్మె లేదు.

దసరా మర్నాడు ఉద్యమం వాళ్లు కామారెడ్డి దాకా బైకుల ర్యాలీ పెట్టారు. కాకకు బైకు లేదు. అయినా ఎవరి వెనకో ఎక్కి, జెండా పట్టుకుని, జై తెలంగాణ అనుకుంటూ పోయాడు. ఆ ర్యాలీలో ఉద్యమం కోసం పోయినవాళ్లు ఎందరో కానీ, పిల్లల పుస్తకం కోసం పోయినవాడు మా కాక ఒక్కడే. కామారెడ్డిలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మన సారు దుకాణం షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. కాక కిందికి వంగి, “సార్, గా దూడ పుస్తకం, కొత్తది” అని అరిచాడు. బయట నినాదాలు, లోపల చీకటి. షట్టరు కింది నుంచి ఒక చెయ్యి పుస్తకం అందించింది. అట్ట మీద దూడ ఉంది. అట్టను బట్టే పుస్తకం ఎంచే మనిషికి ఇంకేం కావాలి? చొక్కా లోపల దోపుకుని, గెలిచొచ్చినవాడిలా మళ్లీ బైకెక్కాడు. ఎల్లారెడ్డి చేరేసరికి చెమటకు అట్ట మెత్తబడింది.

షెడ్డు కింద అప్పటికే అందరూ కూర్చున్నారు. పోశవ్వ మూట కట్టుకుని, ఆ రోజుకు బీడీలు కూడా మానుకుని, గంగను ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగానే ఉంది. అవ్వ బొట్టు పెట్టింది. నేను పుస్తకం విప్పాను. అది రెండో భాగం కాదు. అసలు నవలే కాదు. ఇంకా బడికి పోని పసిపిల్లల కోసం వేసిన బొమ్మల పుస్తకం. పేజీ నిండా బొమ్మ, కింద ఒక్క ముక్క. దూడ లేచింది. దూడ పాలు తాగింది. దూడ బురదలో పొర్లింది. నాకు అప్పటికి పదమూడేళ్లు, నిజం చెప్పడంలో ఎవరికీ తీసిపోని వయసు. “ఇది గా పుస్తకం కా...” అని మొదలుపెట్టేసరికి పక్కనున్న మా అమ్మ తొడపాశం పెట్టింది. ఆ పాశం ఇప్పటికీ గుర్తుంది. “సదువుమన్నరు గదా, సదువు” అంది పళ్ల నడుమ నుంచి. చదివాను. అందరూ గుండ్రంగా వంగి చూస్తున్నారు. దూడ వానలో తడిసింది. దూడ ఇంటికి వచ్చింది. చివరి బొమ్మలో పెద్ద బర్రె దూడను నాకుతోంది, వెనక పొలం, పొద్దుగూకే ఆకాశం. కథ అయిపోయింది. “మరి రాజి ఏది?” అంది పోశవ్వ.

పోశవ్వ లేచి, బోరింగు దగ్గరికి పోయి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి, పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. అవ్వ బొట్టు పెట్టడం తప్పితే, వాళ్లలో ఒకరు పుస్తకం ముట్టడం అదే మొదటిసారి. ఆఖరి బొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పొలంగట్టు మీద, దూరంగా, గోరంత మనిషి బొమ్మ ఒకటి ఉంది. నెత్తి మీద గడ్డిమోపు. నేను దాన్ని గమనించనే లేదు. “గీమె ఎవరు అవ్వా?” అంది పోశవ్వ. మా అవ్వ తడుముకోలేదు. “ఇంకెవరే? రాజే.” “రాజి చిన్నపోరి గదనే?” “ఎన్ని ఊర్లు నడిచిందే అది, పెరగదా?” చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అందుకున్నారు. దూడ కుడిచెవి మీద మచ్చ చూడమని ఒకరు, అది మచ్చే అని ఇంకొకరు. నాకైతే అది అచ్చుసిరా మరక అనిపించింది. పోశవ్వ ఆ గోరంత బొమ్మను వేలితో తడిమింది. ఆమె నమ్మిందో, నమ్మాలనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. “దొరికింది” అంది. గంగ చెంప నిమిరి, “నువ్వు అమ్మమ్మ దగ్గర ఉంటవా బిడ్డా, బడికి పోతవా?” అని అడిగింది. గంగ పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే ఉంటానంది. మర్నాడు లారీ ఎక్కేటప్పుడు పోశవ్వ ఏడ్చింది, గంగ ఏడ్చింది, వాళ్లిద్దరినీ చూసి మా కాక కూడా ఏడ్చాడు. తాను తెచ్చింది వేరే పుస్తకమని ఆయనకు అప్పటికి ఇంకా తెలియదు.

ఆ తరువాత బస్సులు తిరిగాయి. ఒక మధ్యాహ్నం గల్లీ మూల మీద రెండు పొడుగు హారన్లు మోగాయి. ఈసారి అసలు రెండో భాగమే. ఆత్రంగా చదువుకుంటూ పోయాం. రాజి ఊళ్లన్నీ దాటి, చివరికి దూడను కనుక్కుంటుంది. దూడ వేరే మందలో, వేరే ఇంట్లో పెరుగుతోంది. రాజి పేరు పెట్టి పిలిస్తే, తల ఎత్తి ఒకసారి చూసి, మళ్లీ గడ్డిలో తల పెడుతుంది. రాజి దాన్ని అక్కడే విడిచి ఒక్కతే ఇంటికి వస్తుంది. షెడ్డు కింద ఒక్క చెయ్యీ కదల్లేదు. నాకు ఆ ముగింపు ఎంత నచ్చిందో చెప్పలేను, అలాంటి కథ ఒకటి నేనూ రాయాలని ఆ రోజే అనుకున్నాను. అవ్వ మాత్రం పుస్తకం లాక్కుంది. “రాసినామెకు బిడ్డలు లేరేమో. గిది పోశవ్వ చెవుల వడద్దు. వడ్డదా, ఒచ్చే యాడాది పిల్లను ఎంటనే తీస్కపోతది” అని దాన్ని ఆకుకట్టల వెనక, దారపు ఉండల డబ్బాలో దాచింది. అందరితో ఒట్టు వేయించింది. గంగ అప్పుడు బడిలో ఉంది, నేనే పుస్తకం కోసం ఎగ్గొట్టాను.

ఇప్పుడు నేను పిల్లల కోసం రాస్తున్నాను. ముగింపు విషాదంగా ఉంది, పిల్లలు తట్టుకుంటారా అని సంపాదకులు అడుగుతుంటారు. పిల్లల సంగతేమో కానీ మా అవ్వ తట్టుకోలేదని చెప్పాలనిపిస్తుంది. హైదరాబాదులో కొత్త పుస్తకం కావాలంటే ఫోన్ మీద వేలు పెడితే చాలు, ఎల్లుండికి గుమ్మంలో ఉంటుంది. మా అపార్టుమెంటు పిల్లలు వాటిని గదిలోకి తీసుకుపోయి, తలుపు వేసుకుని, పెదవి కదపకుండా చదివేస్తారు. బొమ్మలు అప్పటికంటే ఎన్నో రెట్లు బాగున్నాయి, కాగితం బాగుంది, చూస్తే నాకు అసూయ పుడుతుంది. ఆ రోజులే బంగారమని నేననను. తంబాకు దగ్గు మా అవ్వను చివరిదాకా విడవలేదు. అమ్మ వేళ్లు ఎంత అరిగిపోయాయంటే, రేషన్ దుకాణంలో మెషీను ఆమె వేలిముద్రను గుర్తుపట్టదు. ఆ పని పిల్లలకు రాకపోవడమే మేలు. కానీ ఒక పిల్ల చదవడానికి పదిమంది ఆడవాళ్లు తలా ఒక కట్ట ఎక్కువ చుట్టిన సంగతి తలుచుకుంటే, నా పుస్తకాలకు ఎవరో ముందే మూల్యం కట్టేశారనిపిస్తుంది. రాయడానికి బద్ధకం వేసిన రోజు ఆ మాట తలుచుకుని సిగ్గుపడి లేస్తాను.

ఆ ఏటి ఉగాదికి రెండు రోజుల ముందు పోశవ్వ వచ్చింది. ఎండకు నల్లబడి, చేతుల నిండా చెరుకాకు గీతలతో, లారీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా మా షెడ్డు కిందికే వచ్చింది. గంగ ఉరికి వచ్చి నడుముకు కరుచుకుంది. మరిచిపోవడం మాట అటుంచి, వదలమన్నా వదల్లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అవ్వ చాయ్ పెట్టమంది. అప్పుడు గంగ, “అమ్మా, నీకు దూడ కథ సదివి ఇనిపియ్యాల్నా?” అని అడిగి, ఆకుకట్టల వెనక్కి చెయ్యి పెట్టి, దారపు డబ్బాలోంచి ఆ పుస్తకం తీసింది. దారం తేవడానికి పోయినప్పుడల్లా గంగ దాన్ని చదువుకుంటోందని మాలో ఎవరికీ తెలియదు. అవ్వ ముఖం పాలిపోయింది. “అది పాతది బిడ్డా, వేరేది సదువు” అంది. “గిదే మంచిగుంటది అవ్వా” అని గంగ తల్లి పక్కన కూర్చుని ఆఖరి అధ్యాయం విప్పింది. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి, పొడుగు మాట వస్తే ఆగి, లోపల కూడబలుక్కుని, మళ్లీ పైకి చదువుతోంది. రాజి పిలిచింది. దూడ తల ఎత్తి చూసింది. మళ్లీ గడ్డిలో తల పెట్టింది. అవ్వ దగ్గింది, మా అమ్మ గిన్నెలు చప్పుడు చేసింది, నేను లేచి నిలబడ్డాను. పోశవ్వ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. రాజి ఒక్కతే ఇంటికి నడిచేదాకా, ఆఖరి ముక్క దాకా, గంగ చదివింది. చదివి తల్లి ముఖంలోకి చూసింది. పోశవ్వ కళ్లనిండా నీళ్లు. అవ్వ ఇక ఆగలేకపోయింది. “గదంత ఉత్త ముచ్చటే పోశవ్వా, బొమ్మల పుస్తకంల దొరికింది గదా, నువ్వే సూసినవ్. మనసుల ఏం వెట్టుకోకు.”

“ఏం దొరికింది, ఏం దొరకలే అవ్వా?” అంది పోశవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. అవ్వ మాటలు ఆమెకు అందినట్టే లేదు. కూతురి వైపు తిరిగి, పుస్తకం మీద ఉన్న ఆ చిన్న వేలును పట్టుకుని, దాన్ని మళ్లీ మొదటి పేజీ మీద పెట్టింది. “నేను కథ ఏం ఇనలే బిడ్డా. నీ నోటినే చూసుకుంట కూసున్న. మల్ల మొదటికెళ్లి సదువు, ఈసారి కథ ఇంట.”